గింజలోని హక్కు, వాక్యంలోని హద్దు

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన క్షేత్రం 1906లో వెలసింది. ‘నరసింహ’ అనే పత్తి రకం అక్కడిదే. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల విత్తనపు చేలల్లో సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసివేసి, మరునాటి ఉదయం వేరే మొక్క పుప్పొడిని అద్దుతారు. దానినే క్రాసింగ్ అంటారు. అంత శ్రమతో పుట్టిన బీటీ గింజలో ఇంకొకరికి హక్కున్నదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

కాయతొలుచు పురుగును తట్టుకొనే జన్యువుకు సంబంధించి మోన్‌శాంటోకు 2008లో భారతదేశంలో 214436 సంఖ్యగల పేటెంటు లభించింది. అందులో 27 క్లెయిములు. మొదటి 24 పద్ధతికి సంబంధించినవి. చివరి మూడు జన్యుక్రమానికి సంబంధించినవి. క్లెయిము అంటే హక్కుకు గీసిన గట్టు. అది స్పష్టంగా, క్లుప్తంగా ఉండాలని 1970 నాటి చట్టంలోని పదవ సెక్షన్ చెబుతుంది. మూడవ సెక్షన్ మొక్కలకు, విత్తనాలకు పేటెంటు నిషేధిస్తుంది. మరి జన్యుక్రమమని వ్రాసిన మాట, ఆ క్రమం ఇమిడిన గింజను కూడా పట్టుకుంటుందా?

హైదరాబాదు సంస్థ నూజివీడు సీడ్స్ 2004 నుండి లైసెన్సుతో ఆ విత్తనాలు తయారుచేసింది. రుసుముపై తగాదా ముదిరి 2015లో ఆ లైసెన్సు రద్దయింది. మరుసటి ఏడాది కేంద్రం 450 గ్రాముల పొట్లానికి 800 రూపాయల ధర కట్టి, అందులో జన్యువు వాటా 49 రూపాయలుగా నిర్ణయించింది.

ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి 2017 మార్చి 28న, దావా తేలేదాకా ఒప్పందం నడవాలన్నారు. అప్పీలులో ద్విసభ్య ధర్మాసనం 2018 ఏప్రిల్ 11న ఏకంగా పేటెంటునే కొట్టివేసింది. మొక్కలో చేరనిదే ఆ క్రమానికి ప్రయోజనం లేదన్నది దాని తర్కం.

2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దుచేసింది. ఇంత జటిలమైన సాంకేతిక విషయాన్ని నిపుణుల సాక్ష్యం లేకుండా, మధ్యంతర ఉత్తర్వుపై వచ్చిన అప్పీలులో ముగించరాదన్నది. నాకు ముఖ్యంగా తోచేది ఇదే: మాట స్పష్టమా కాదా అన్నది నిఘంటువు తేల్చే సంగతి కాదు, ఆ శాస్త్రం తెలిసినవాడికి అది ఏమి చెబుతుందో విన్న తరువాతే తేలుతుంది.

అయితే విచారణకు కాలం మిగలలేదు. 2019 నవంబరులో పేటెంటు గడువు తీరింది. 2021లో పక్షాలు రాజీపడ్డాయి. గట్టు గింజ దాకా సాగుతుందా అన్న ప్రశ్నకు ఆ దావాలో తుది జవాబు రానేలేదు. రాజీతో తగాదా తీరుతుంది గాని, చట్టంలోని సందేహం తీరదు.