ఎడ్ల మీద అంగడి మోసిన తాతలం, అంగట్ల తావు లేని మనుమలం



అంగడి మాట వస్తే మనం "రేటు రాలేదు" దగ్గర మొదలుపెట్టి "దళారి తిన్నడు" దగ్గర ఆపేస్తాం. కానీ అంగడికీ మన తండాలకూ ఉన్న బంధం వందల ఏండ్లది. అది తెలిస్తే మన తిమ్మాజిపేట మండలంలో ఇవాళ ఏం చెయ్యాలో కూడా కొంత తెలుస్తది. పోస్టు పొడుగే, ఓపికగా చదవండి.

మన ముత్తాతల పని సేద్యం కాదు, రవాణా. గోర్ బోలిలో దాన్నే లదేణి అంటాం. ఎడ్ల మీద గోనెలు వేసి సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పును లోపలి ఊళ్లకు, ఊళ్ల నుంచి ధాన్యాన్ని పట్నాలకు చేరవేసేవాళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లిష్ యాత్రికుడు తనకు 14,000 ఎడ్లున్న ఒక తండా ఎదురైందని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే, ఈ జనంలో నాలుగు తెగలున్నాయని, ఒకరు గింజలు, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు మోస్తారని రాశాడు. మొగలులు దక్కన్‌కు వచ్చినప్పుడూ, ఇంగ్లిష్ వాళ్లు టిప్పు మీదికి పోయినప్పుడూ దండుకు తిండి మోసింది మనవాళ్లే. గమనించండి, అప్పట్లో తండా అంటే ఊరు కాదు. నడిచే అంగడి.

మరి అది ఎట్లా పోయింది? బండ్ల బాటలు పడ్డాయి, వాటి వెనక రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పట్టాలు పడ్డాయి. వేల ఎడ్లు రోజుల తరబడి మోసే సరుకును రైలు ఒక్క పూటలో మోసింది. ఉప్పు మీద ఇంగ్లిష్ సర్కారు గుత్తాధిపత్యం ఇంకో దెబ్బ. అది చాలదన్నట్టు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, తిరుగుతూ బతికే ఎన్నో జాతుల మీద దొంగలన్న ముద్ర వేశారు. చాలా చోట్ల లంబాడాలనూ అందులో కలిపారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు.

ఎడ్లు ఆగిన చోట తండా ఆగింది. మంచి భూములు అప్పటికే ఊళ్ల చేతిలో ఉన్నాయి. మనకు మిగిలింది గుట్టల పక్కన రాళ్ల నేల, వానను నమ్ముకున్న చెలక. సరుకు మోసిన జాతి సరుకు పండించే జాతి అయింది. కానీ ఈ మార్పులో ఒకటి పోయింది: తరాజు మన చేతి నుంచి పోయింది. విత్తనానికి, మందుకు అప్పిచ్చినవాడే పంట కొనేవాడైతే రేటు ఎవరు చెప్తారు? అడ్తి, హమాలీ, తరుగు అన్నీ పోయాక చేతికొచ్చేది ఎంత? పాలమూరు వలసకు కరువు ఒక్కటే కారణం కాదు, ఈ లెక్క కూడా కారణమే.

నల్లమలలోని మన చెంచు సోదరులదీ ఇదే కథ. తేనె, జిగురు, చిల్లగింజలు అడవి నుంచి తెచ్చేది వాళ్లు, రేటు కట్టేది ఇంకొకరు. ఈ దోపిడీని ఆపడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ పుట్టింది. అటవీ సరుకు కొనాలి, ఉప్పూ పప్పూ న్యాయమైన ధరకు అమ్మాలి అన్నది దాని ఉద్దేశం.

రైతుల కోసం కూడా ప్రయత్నాలు జరిగాయి. 1966 మార్కెట్ల చట్టం కింద యార్డులు, కమిటీలు వచ్చాయి. మనకు దగ్గరి పెద్ద యార్డు జడ్చర్లను ఆనుకుని ఉన్న బాదేపల్లి. పల్లి, మక్క లాంటి పంటకు యార్డు ఉంది సరే, రెండు గంపల టమాట, ఒక మూట చిక్కుడు పండించే అమ్మకు ఏముంది?

దానికి జవాబుగా వచ్చిందే రైతు బజార్. 1987లో పంజాబ్ వైపు అప్నీ మండీ మొదలైంది. 1999 జనవరి 26న మన ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు, అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడులో ఉళవర్ సందై. పద్ధతి తేలికే. రైతుకు గుర్తింపు కార్డు, కిరాయి లేని జాగ, కాంటా. హోల్‌సేల్ రేటు కంటే రైతుకు కొంచెం ఎక్కువ, బయటి చిల్లర రేటు కంటే కొనేవాళ్లకు కొంచెం తక్కువ. రోజూ రేటు బోర్డు మీద రాయాలి. రైతులు రావడానికి ఆర్టీసీ బస్సులు కూడా నడిపారు.

ఫలితం వచ్చింది, లోపాలూ బయటపడ్డాయి. రైతుల పేరుతో వ్యాపారులు కార్డులు సంపాదించారు. బజార్లు ఎక్కువగా పట్నాల్లోనే పెట్టారు కాబట్టి దగ్గరి ఊళ్లకే లాభం ఎక్కువ దక్కింది. రెండు గంపల కోసం పట్నం దాకా పోతే ఆటో కిరాయికే సగం పోతుంది.

అందుకే మన మాట ఇది: బజారు తండాకు దగ్గరగా రావాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత గ్రామపంచాయతీలు అయ్యాయి. సర్పంచ్ మనవాడే, గ్రామసభ మనదే. వారంలో ఒక పూట నీడ, నీళ్లు, ఒక కాంటా, రేట్లు రాసే ఒక బోర్డు ఉన్న జాగ అడుగుదాం. చిన్న గంపల మీద తైబజారు వద్దని తీర్మానం చేయిద్దాం. నాలుగైదు తండాలు కలిసి ఒకే ఆటోలో సరుకు పంపితే కిరాయి పంచుకోవచ్చు. ఉద్యోగం వచ్చి జీతం అందుకుంటున్న అన్నలు, అక్కలు వారానికి ఒకసారైనా మన అమ్మల దగ్గరే కూరగాయలు కొనాలి, బేరం ఆడకుండా కొనాలి.

చదువుకునే మనకు ఇంకో పని ఉంది. ప్రతి తండాలో ఏ నెలలో ఏ పంట ఎంత వస్తది, ఎక్కడ అమ్ముతున్నారు, చేతికెంత వస్తుంది అని ఒక నోట్‌బుక్‌లో రాద్దాం. గ్రామసభలో నోటి మాట కంటే రాసిన లెక్క గట్టిగా మాట్లాడుతుంది. లదేణి ముచ్చట్లు తెలిసిన ముసలివాళ్లు ఉంటే వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి.

దేశానికి తిండి మోసిన జాతి తన గంపకు తాను రేటు చెప్పుకోవడం కొత్త కోరిక కాదు, పాత హక్కు. మీ తండాలో సరుకు ఎక్కడ అమ్ముతున్నారో కింద రాయండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.