చందాదారులు అచ్చు వేయించిన చరిత్ర

హైదరాబాదులో పుట్టిన ఒక తెలుగు ప్రచురణ సంస్థ తన తొలి పుస్తకంగా ఎంచుకున్నది అమెరికా అధ్యక్షుడి జీవిత చరిత్ర. 1907లో వచ్చిన ఆ ‘అబ్రహాము లింకను’ను రాసింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు నిండలేదు. అచ్చు వేసిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలికి ఏడాది వయసు. పురాణ కథ కాదు, ప్రబంధం కాదు, బడిపిల్లల వాచకమూ కాదు. బానిసత్వాన్ని రద్దు చేసిన, చీలిపోబోతున్న దేశాన్ని నిలిపిన మనిషి కథ. ఆ ఏడాది ఎలాంటిదో తెలిస్తే ఈ ఎంపిక వెనకున్న ఉద్దేశం అర్థమవుతుంది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ కోస్తా జిల్లాల్లో ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. రాజమండ్రి ట్రెయినింగ్ కాలేజీలో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకి వచ్చారు. కాలేజీ యాజమాన్యం వాళ్ళలో కొందరిని బయటికి పంపింది. ఎం.ఏ. చదివి అక్కడ ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల వారిలో ఒకరు. సర్కారు ఉద్యోగం దారి అంతటితో మూసుకుపోయింది. మరుసటి ఏడాది బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడుపుతూ రాసిన సంపాదకీయానికి రాజద్రోహం కింద జైలుకి వెళ్ళారు. తెలుగునాట ఆ నేరం మీద శిక్ష పడిన తొలి పాత్రికేయుడాయన. అటువంటి మనిషి లింకన్ మీద పుస్తకం రాస్తే, దాన్ని కేవలం విదేశీ చరిత్రగా చదివిన పాఠకులు ఎంతోమంది ఉండి ఉండరు.

ఈ మండలి వెనకున్న మనిషి కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. 1877లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, చదువుకోసం నాగపూర్ చేరారు. ఆయన్ని ఇంట్లో పెట్టుకుని చదివించింది అక్క భండారు అచ్చమాంబ. మరాఠీని మాతృభాష స్థాయిలో నేర్చారు, ఆ భాషలో రాశారు కూడా. చరిత్ర, సాహిత్యం, మతం, రాజకీయం మీద మరాఠీలో ఎంత గట్టి పుస్తకాలు వస్తున్నాయో దగ్గర్నుంచి చూశారు. తెలుగులో అలాంటివి ఎందుకు లేవన్న బాధ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. ఆ రోజుల్లో తెలుగులో విజ్ఞాన రచన లేదని కాదు. కందుకూరి వీరేశలింగం ఒంటిచేత్తో ఎంతో రాశారు. కానీ అది ఒక మనిషి శ్రమ. పదిమంది కలిసి ప్రణాళిక వేసుకుని, ఒక విషయం తర్వాత మరొకటి వరుసగా అచ్చు వేసే ఏర్పాటు అప్పటికి లేదు.

అచ్చమాంబ గురించి ఒక్క నిమిషం ఆగాలి. తమ్ముడు మండలి పెట్టకముందే ఆమె చరిత్రకారిణి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరిట భారతదేశ స్త్రీల జీవితాలను వెతికి, చదివి, పోగుచేసి పుస్తకం చేశారు. ఆడవాళ్ళు అబలలనీ, బుద్ధిహీనులనీ అనేవాళ్ళకి ఉదాహరణలతో జవాబు చెప్పాలన్నది ఆమె పట్టుదల. కాలేజీ ముఖం చూడని మనిషి. తమ్ముడి పాఠాలు వింటూ, చేతికి దొరికింది చదువుకుంటూ పైకొచ్చారు. 1902లో ‘ధనత్రయోదశి’ కథ కూడా రాశారు. 1905 జనవరిలో, ముప్ఫై ఒక్క ఏళ్ళ వయసు దాటకుండానే, చనిపోయారు. మండలి పుట్టింది ఆ మరుసటి ఏడాది. తెలుగులో ఆధునిక చరిత్ర రచన గురించి చెప్పేటప్పుడు ఆమెను ‘లక్ష్మణరావు అక్క’ అన్న పరిచయంతో సరిపెట్టడం అన్యాయం. వరుసలో ఆమె ముందున్నారు.

నాగపూర్ నుంచి వచ్చిన లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివాను అయ్యారు. చుట్టూ నిజాం రాజ్యం, సంస్థానం మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణాజిల్లా కిందిది. రాజా నాయని వెంకట రంగారావుకి చదువు మీద అభిమానం. హైదరాబాదులో రావిచెట్టు రంగారావు తోడయ్యారు. 1901 సెప్టెంబరు 1న ఈ ముగ్గురి పూనికతో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం వెలిసింది. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో తెలుగు పత్రిక, తెలుగు పుస్తకం ఉచితంగా చదువుకునే చోటు అది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. చదివే చోటు ఏర్పడ్డాక చదవడానికి ఏమున్నాయన్న ప్రశ్న వచ్చింది. 1906లో పెట్టిన మండలి దానికి సమాధానం. తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకి తొలి స్పీకర్ అయిన అయ్యదేవర కాళేశ్వరరావు కూడా ఆ తొలి బృందంలో ఉన్నారు. రెండేళ్ళకి మండలి మద్రాసుకి మారింది.

ప్రభుత్వం డబ్బు లేదు, విశ్వవిద్యాలయం అండ లేదు. జమీందారుల విరాళాలు కొంత ఉన్నా, పని నడిచింది చందాదారుల మీద. ముందుగా పేరు నమోదు చేయించుకున్నవాళ్ళకి వచ్చే ప్రతి పుస్తకం తక్కువ ధరకి అందుతుంది. ఏ పుస్తకం రాబోతోందో, అది తనకి నచ్చుతుందో లేదో తెలియకుండానే పాఠకుడు మాట ఇస్తాడు. ఆ మాట మీద ఆధారపడి రసాయనశాస్త్రం అచ్చయింది, అర్థశాస్త్రం అచ్చయింది. అర్థశాస్త్రం రాసింది కేంబ్రిడ్జిలో చదివొచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి, తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి తొలి ఉపకులపతి ఆయనే. వైద్యుడు ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం రాశారు, కలరా, చలిజ్వరం మీద కూడా రాశారు. బజారులోనే అమ్ముకుందామంటే ఇవన్నీ కలిపి ఎన్ని ప్రతులు పోయేవో ఊహించడం కష్టం కాదు.

లక్ష్మణరావుకి పాఠకుల సంగతి బాగా తెలుసు. శాస్త్రగ్రంథాల పక్కనే చారిత్రక నవలలకి పోటీలు పెట్టి బహుమతులిచ్చారు. వెల్లాల సుబ్బారావు ‘రాణీ సంయుక్త’, భోగరాజు నారాయణమూర్తి ‘విమలాదేవి’, దుగ్గిరాల రాఘవచంద్రయ్య ‘విజయనగర సామ్రాజ్యము’ ఆ వరుసలో వచ్చినవే. నవల కోసం చేరిన చందాదారు ఇంటికి చరిత్ర గ్రంథమూ చేరింది. మండలికి వచ్చిన విమర్శల్లో ఈ నవలల మీద కూడా కొన్ని ఉన్నాయి. కానీ చరిత్ర మీద ఆసక్తి పుట్టించకుండా చరిత్ర పుస్తకం అమ్మలేమని వాళ్ళు గ్రహించారు. ఆ తెలివి ఇప్పటి ప్రచురణకర్తలకీ అవసరం.

మండలి అచ్చు వేసిన వాటిలో తెలుగు సమాజాన్ని ఎక్కువగా కదిపింది ‘ఆంధ్రుల చరిత్రము’. రచయిత చిలుకూరి వీరభద్రరావు పత్రికలు నడిపిన మనిషి, ఆచార్య పదవి ఏదీ లేనివాడు. మొదటి భాగం 1910లో, రెండోది 1912లో వచ్చాయి. శాసనాలు, పురాణాలు, కావ్య పీఠికలు, ఇంగ్లీషు పండితుల వ్యాసాలు ఆయనకి ఆధారాలు. వాటిలో కొన్ని ఈ రోజు నిలవవు. శాతవాహనుల కాలనిర్ణయం మారింది, పురాణాల్లో చెప్పిన వంశావళిని ఇప్పటి పరిశోధకులు అంత సులువుగా నమ్మరు. అయినా శాసనాన్ని ముందుపెట్టి తెలుగువాళ్ళ గతాన్ని తెలుగులో వరుసగా చెప్పిన తొలి పెద్ద ప్రయత్నమది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగేనాటికి, ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్న యువకుల చేతిలో ఈ పుస్తకం ఉంది. చరిత్ర గ్రంథం రాజకీయంలోకి అలా నడిచి వచ్చింది.

లక్ష్మణరావు తానూ రాశారు. ‘హిందూ మహాయుగము’, ‘మహమ్మదీయ మహాయుగము’ ఆయనవే. శైలి గ్రాంథికమే అయినా సూటిగా, చదివించేలా ఉంటుంది. అయితే ఆ పేర్లలోనే ఒక చిక్కు ఉంది. భారత చరిత్రను పాలకుల మతాన్ని బట్టి ముక్కలు చేయడం జేమ్స్ మిల్ 1817లో ‘బ్రిటిష్ ఇండియా చరిత్ర’తో పాతుకునేలా చేసిన పద్ధతి. ఆ రోజుల్లో జాతీయవాదులు కూడా దాన్ని ప్రశ్నించకుండా తీసుకున్నారు. తర్వాతి చరిత్రకారులు ఆ విభజనను పక్కన పెట్టడానికి ఎంతో శ్రమ పడాల్సి వచ్చింది. మండలి గొప్పతనం చెప్పేటప్పుడు దీన్ని దాచాల్సిన పని లేదు. భాషను సొంతం చేసుకున్నంత త్వరగా చట్రాన్ని సొంతంగా కట్టుకోలేకపోయారు.

ఇదే సమయంలో హైదరాబాదులో ఇంకో ప్రయోగం జరిగింది. 1917లో నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పింది. మరుసటి ఏడాది ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. తత్వశాస్త్రం, చరిత్ర, రాజనీతి, న్యాయం, వైద్యం మీద వందలాది పుస్తకాలు జీతం తీసుకునే పండితుల చేత ఉర్దూలోకి వచ్చాయి. భారతీయ భాషలో విశ్వవిద్యాలయ చదువు నడపవచ్చని రుజువు చేసిన ఘనత ఆ సంస్థదే. అదే రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకి ఆ అండ దొరకలేదు. 1926లో వచ్చిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంగ్లీషులోనే బోధించింది. రెండు వైపులా తెలుగు పుస్తకం మళ్ళీ చందాదారు ఇంటికే వచ్చింది.

మండలి పని ఒక దారిలో పడ్డాక లక్ష్మణరావు విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. బ్రిటానికా వంటిది తెలుగుకి ఉండాలన్నది కోరిక. మల్లంపల్లి సోమశేఖరశర్మ వంటి యువకులు ఆయన దగ్గర పనిచేశారు. మూడు సంపుటాలు వచ్చి ఆగాయి. అప్పటికి అక్షరక్రమంలో తొలి అక్షరాల దగ్గరే ఉన్నారు. 1923లో, నలభై ఆరేళ్ళకి, ఆయన మద్రాసులో కన్నుమూశారు. ఆంధ్రపత్రిక, అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని తర్వాత చేతికెత్తుకున్నారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల పెట్టింది కూడా ఆయనే.

లక్ష్మణరావు పేరు తెలంగాణలో ఒక పరిశోధక సంస్థకి చేరింది. లక్ష్మణరాయ పరిశోధక మండలిలో ఆదిరాజు వీరభద్రరావు తదితరులు ఊరూరా తిరిగి శాసనాలు నకలు తీశారు. 1935లో వచ్చిన ‘తెలంగాణా శాసనములు’ ఆ కష్టానికి ఫలితం. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టారు. అదే కాలంలో అణా గ్రంథమాల ఒక్క అణాకి పుస్తకం ఇచ్చింది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. రాజుల యుద్ధాలు వదిలి జనం తిండి, బట్ట, ఆట, పాట, నమ్మకాల మీద దృష్టి పెట్టిన పుస్తకమిది. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకి ఇచ్చిన మొదటి బహుమతి దీనికే దక్కింది.

పుస్తకం అచ్చయితే సరిపోదు, చేరాలి. ఆ బాధ్యత గ్రంథాలయోద్యమం తీసుకుంది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య పడవలో గ్రంథాలయం నడిపారు. గాడిచర్ల జైలునుంచి వచ్చాక జీవితంలో ఎక్కువ భాగం ఈ ఉద్యమానికీ వయోజన విద్యకీ ఇచ్చారు.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం ముందుకొచ్చింది. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి విజ్ఞాన సర్వస్వాన్ని అక్షరక్రమంలో కాక విషయాల వారీగా తెచ్చింది. చరిత్ర, రాజనీతి కలిపి ఒక సంపుటం, దర్శనాలు, మతాలు కలిపి మరొకటి. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. పీవీ నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. లక్షలాది పల్లె విద్యార్థులు తెలుగులో డిగ్రీ చదవగలిగారంటే ఆ పుస్తకాల వల్లే. కానీ పాఠ్యపుస్తకం సిలబస్‌ను దాటి వెళ్ళదు. పరీక్ష కోసం కాక తెలుసుకోవడం కోసం చదివే పుస్తకం మళ్ళీ చిన్న సంస్థల నుంచే వచ్చింది. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అటువంటిది. కోశాంబి చరిత్ర రచనను తెలుగు పాఠకుడి ముందు పెట్టిన కె. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పినవారు. చిలుకూరి నుంచి బాలగోపాల్ దాకా తెలుగులో చరిత్ర మీద ముఖ్యమైన పుస్తకాలు ఎన్నో చరిత్ర శాఖల బయటి మనుషులు రాసినవే.

గత పాతికేళ్ళలో తెలుగు నేల మీద వచ్చిన కొత్త పరిశోధన మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంది. కాకతీయుల కాలపు సమాజాన్ని శాసనాల లెక్కతో చూపిన సింథియా టాల్బట్ పుస్తకం 2001లో వచ్చింది. తెలుగు భాషాభిమానం ఎలా రూపుదిద్దుకుందో పరిశీలించిన లిసా మిచెల్ పుస్తకం 2009 నాటిది. స్థానిక చరిత్రలు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరుల పాత్రను వెలికితీసిన రమా మంతెన గ్రంథం 2012లో, ఉస్మానియా ఉర్దూ ప్రయోగం మీద కవితా దాట్ల గ్రంథం 2013లో వచ్చాయి. వీటిలోని చర్చ ఏ ఊళ్ళ గతం గురించో ఆ ఊళ్ళ పాఠకులకి అది తెలుగులో అందాలి. పరిశోధకులు పుస్తకం ఒప్పందం మీద సంతకం చేసేటప్పుడే తెలుగు హక్కులు అట్టిపెట్టుకోవాలి. విశ్వవిద్యాలయాలు తెలుగులో రాసిన పుస్తకానికీ ఇంగ్లీషు పుస్తకంతో సమానమైన విలువ కట్టాలి. అచ్చమాంబ ‘రత్నమాల’నూ చిలుకూరి సంపుటాలనూ నేటి పరిశోధన ఏం చెబుతుందో అడుగున వివరిస్తూ మళ్ళీ అచ్చు వేయాలి. చదువరులు చేయాల్సింది 1907లో చందాదారులు చేసిందే. అటువంటి పుస్తకం ఒకటి తయారవుతోందని తెలిసిన రోజున, అచ్చుకి వెళ్ళకముందే, డబ్బు కట్టి మీ ప్రతి రాయించుకోండి.