సీటు వాల్చుకునే మర్యాద: బుచ్చి బస్సు నుంచి గంట విమానం దాకా

సీటు వెనక్కి వాల్చుకోవచ్చా, కూడదా అన్న తగువు పుట్టాలంటే మూడు అమరాలి. సీటుకు విడిగా కదిలే వీపు ఉండాలి. ఆ సీటు ఆ పూటకు ఒక్కరిదే కావాలి. దాని వెనక మోకాళ్లు ముడుచుకుని మరొకరు కూర్చుని ఉండాలి. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాలెం (వాడుకలో బుచ్చి) ప్రయాణాల్లో ఈ మూడూ ఒకచోట చేరి ఎంతోకాలం కాలేదు. పెన్నా నదికి ఉత్తరాన, నెల్లూరుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరికి రైలు స్టేషను లేదు. మద్రాసుకైనా హైదరాబాదుకైనా ముందు రోడ్డు పట్టాల్సిందే. అందుకే ఇక్కడివాళ్ల కూర్చునే మర్యాదలు చాలావరకు బస్సులో అలవడినవి. విమానం ఎక్కేనాటికి ఆ అలవాట్లే వెంట వెళ్లాయి.

మద్రాసు, బెజవాడల మధ్య రైలుమార్గం 1899లో నెల్లూరు మీదుగా పూర్తయింది. ఆ రైలు అందుకోవడానికి బుచ్చి వాళ్లకు ఎడ్లబండి, జట్కా దిక్కు. బండిలో సీటనేది లేదు. వరిగడ్డి పరిచి పైన చాపో జంపఖానో వేస్తే, పెద్దవాళ్లు బండి గోడకు ఆనుకునేవారు, పిల్లలు మిగిలిన జాగాలో సర్దుకునేవారు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మోటారు బస్సులు వచ్చాయి. హైదరాబాదు సంస్థానంలో 1932లోనే నిజాం ప్రభుత్వ రవాణా శాఖ 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది. నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది కాబట్టి ఇక్కడ బస్సు చాలాకాలం ప్రైవేటు యజమానిదే. దిగుమతైన ఇంజను, చట్రం మీద వడ్రంగులు చెక్క బాడీ కట్టి బెంచీలు బిగించేవారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కరువై బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. బస్సులు తగ్గాయి, ఎక్కేవాళ్లు తగ్గలేదు. ముగ్గురి బెంచీ మీద నలుగురు కూర్చోవడం ఆ రోజుల్లో పట్టుబడిన అలవాటే.

ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడింది. ప్రైవేటు రూట్లు ఒక్కొక్కటిగా దాని చేతికి వచ్చాయి. బస్సు ప్రభుత్వానిదైనా బెంచీ స్వభావం మారలేదు. ఒకవైపు ముగ్గురి సీటు, మరోవైపు ఇద్దరి సీటు, ఇనుప చట్రం, రెక్సిన్ కవరు, భుజాల దాకా కూడా రాని పొట్టి వీపు. వాలడానికి అందులో వీల్లేదు. ఆ బెంచీ చుట్టూ అల్లుకున్న మర్యాదలకు చరిత్రలో దక్కాల్సినంత చోటు దక్కలేదు. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో సంచో విసిరితే సీటు ఆ మనిషిదని నలుగురూ ఒప్పుకునేవారు. రాతలో ఎక్కడా లేని ఈ నియమాన్ని కండక్టరు కూడా సాధారణంగా కాదనేవాడు కాదు. ఒప్పుకోని సందర్భాల్లో గొడవలు జరిగాయి, అయితే ఆ గొడవ కూడా నియమం ఉందని ఇద్దరూ నమ్మబట్టే. నిలబడ్డ మనిషి చేతి సంచిని కూర్చున్న మనిషి అడక్కుండానే అందుకుని ఒళ్లో పెట్టుకోవడం మరో ఆచారం. చంటిబిడ్డనైతే పరాయివాళ్లయినా ఒళ్లోకి తీసుకునేవారు. కునుకు పట్టిన పక్కవాడి తల భుజం మీదికి ఒరిగితే కాసేపు ఓర్చుకోవడం, ఆ తర్వాత మెల్లగా కదిలించడం కూడా అందులో భాగమే. స్త్రీల సీట్లు వారికే వదలాలని బస్సు గోడ మీద రాసి ఉండేది.

ఈ పద్ధతికి పరీక్ష పండగ రోజుల్లోనే. బుచ్చిలో కోదండరామస్వామి ఉత్సవాలకు, జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలకు, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు జనం బస్సుల్లో కిక్కిరిసేవారు. అప్పుడు సీటు మీద హక్కు ఎవరికీ పూర్తిగా ఉండేది కాదు. 'కాస్త జరగన్నా', 'కొంచెం సర్దుకోమ్మా' అన్న మాటతో బెంచీ మీద ఇంకొకరికి చోటు పుట్టేది. అడిగే మనిషికి వరస కలిపే పిలుపు, జరిగే మనిషికి అడిగించుకున్న గౌరవం దక్కేవి. తర్వాతి కాలపు సీటు తగువుల్లో కరువైంది ఈ అడగడమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చాక కూడా ఈ బస్సుల్లో బెంచీ మర్యాద అవసరం తీరిపోలేదు.

పుష్‌బ్యాక్ సీటు రాత్రి బస్సుతో వచ్చింది. 1990ల తర్వాత దూరప్రాంత సర్వీసులు పెరిగి, అటు ఇద్దరు ఇటు ఇద్దరు కూర్చునే సూపర్ లగ్జరీ బస్సులు మామూలయ్యాయి. వోల్వో 2001లో బి7ఆర్ బస్సును భారతదేశంలో ప్రవేశపెట్టాక ఏసీ సర్వీసులూ ఎక్కువయ్యాయి. టిక్కెట్టు మీద సీటు నంబరు పడింది, చేతి పక్కన మీట అమరింది. కర్చీఫ్ అక్కర్లేదు, జరగమని అడగాల్సిన పనీ లేదు. కొత్తగా వచ్చిన ప్రశ్నల్లా వెనక్కి ఎంత వాలొచ్చు అన్నదే. రాత్రి ప్రయాణంలో దీనికి జవాబు దానంతట అదే దొరికింది. భోజనాల కోసం ఆగిన చోట నుంచి బస్సు కదిలి, లైట్లు ఆర్పగానే అందరూ దాదాపు ఒకేసారి వాలుతారు. అందరూ ఒకే కోణంలో వాలితే ముఖానికీ ముందు సీటు వీపుకూ మధ్య ఎడం పెద్దగా తగ్గదు. నష్టపోయేది పొడుగు కాళ్లవాళ్లు, వెనక గోడ అడ్డొచ్చి వాలడం కుదరని చివరి వరసవాళ్లు. పగటి ప్రయాణంలో ఈ పొందిక చెడుతుంది. ఒకరు నిద్రపోవాలనుకుంటే వెనకవాళ్లు ఇడ్లీ పొట్లం విప్పుతారు, లేదా ల్యాప్‌టాప్ తెరుస్తారు. ప్రయాణం ఎంత పొట్టిదైతే, అందరూ ఒకే పని చేసే సమయం అంత తక్కువ. పొట్టి విమానాల్లోని సమస్యకు మూలం కూడా ఇదే.

తెలుగు నేల మీద విమాన ప్రయాణం ఆలస్యంగా ఏమీ మొదలుకాలేదు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. 1953 జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. డకోటాలో సుమారు 21 మంది కూర్చునేవారు. సీట్లు తక్కువ, టిక్కెట్టు ప్రియం, ఎక్కేవాళ్లు కొద్దిమంది. వాల్చుకునే సీటు తగువుకు కారణం కావాల్సిన అవసరం అప్పుడు రాలేదు. అమెరికా 1978లో విమాన చార్జీల మీద నియంత్రణ ఎత్తివేశాక ప్రపంచమంతటా పోటీ చార్జీల మీదికి మళ్లింది. అదే విమానంలో ఎక్కువ వరసలు ఇరికించడం లాభసాటి అయింది. ఒకప్పుడు వరసకూ వరసకూ మధ్య 35 అంగుళాల దాకా ఉన్న ఎడం, చాలా విమానాల్లో 30 అంగుళాల దరిదాపులకు దిగింది. సీట్లు వాలడం మాత్రం చాలాచోట్ల ఆగలేదు. మర్యాద లోపం అని జనం తిట్టుకునే దానిలో పెద్ద పాలు ఈ అంగుళాల లెక్కదే.

బుచ్చి వాళ్లు విమానం కోసం చెన్నైకో రేణిగుంటకో వెళతారు. ఊరి మీదుగా ఆత్మకూరు, బద్వేలు వైపు సాగే రోడ్డు కడప విమానాశ్రయానికీ చేరుస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉడాన్ విమాన పథకం కింద 2017 ఏప్రిల్ 27న ఆరంభమైన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాదు ఒకటి. ట్రూజెట్ ఏటీఆర్ 72 విమానంతో దాన్ని నడిపింది. సుమారు గంట ప్రయాణానికి ఆ పథకంలో కొన్ని సీట్ల చార్జీ 2,500 రూపాయలు దాటకూడదన్న నియమం అప్పట్లో ఉండేది. ఏటీఆర్‌లో కూడా అటు ఇద్దరు, ఇటు ఇద్దరే. సూపర్ లగ్జరీ బస్సుకు అలవాటుపడ్డ మనిషికి అది తెలిసిన అమరికే. తేడా అల్లా సమయంలో ఉంది. ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు సీటు నిటారుగా ఉండాలి. ప్రమాదం జరిగితే వెనక వరసవాళ్లు అడ్డు లేకుండా బయటపడాలన్నది ఆ నియమం ఉద్దేశం. అత్యవసర ద్వారాల ముందు వరసల్లో సీట్లు సాధారణంగా వాలనిది కూడా ఇందుకే. గంట ప్రయాణంలో ఇవి పోను మిగిలేది అరగంటో ముప్పావుగంటో. అందులోనే కాఫీ, టిఫిను వస్తాయి. తినేవాళ్ల ఎదుట సీటు వాల్చకపోవడం, వాల్చే ముందు ఒకసారి వెనక్కి చూసి చెప్పడం, ఒక్కసారిగా కాక మెల్లగా వాల్చడం ఈ కొద్దిసేపటికి సరిపోయే మర్యాద. బస్సులో 'జరగన్నా' అన్న మాట చేసిన పనే ఇక్కడా కావాలి.

ఆ మాట లేనప్పుడు ఏం జరుగుతుందో 2014 ఆగస్టులో అమెరికాలో తేలింది. ముందు సీటు వాలకుండా ట్రేకు బిగించే 'నీ డిఫెండర్' అనే ప్లాస్టిక్ బిళ్లల మీద ఇద్దరు ప్రయాణికులు తగువుపడి, నెవార్క్ నుంచి డెన్వర్ వెళ్లే విమానం చికాగోలో దిగాల్సి వచ్చింది. ఆ తర్వాత బుక్కాఫుస్కో, స్ప్రిగ్‌మన్ అనే ఇద్దరు న్యాయశాస్త్ర ఆచార్యులు ఒక సర్వే చేశారు. వాలే హక్కు ముందువాళ్లదే అనుకుంటే, దాన్ని వదులుకోవడానికి వాళ్లు సగటున 41 డాలర్లు అడిగారు. వెనకవాళ్లు 18 డాలర్లే ఇస్తామన్నారు. హక్కు వెనకవాళ్లదని చెప్పి అడిగితే లెక్క తిరగబడింది. వాళ్లు 39 డాలర్లు కోరారు, ముందువాళ్లు 12 డాలర్లకు మించి ఇవ్వలేదు. హక్కు ఎవరికి ముందుగా దక్కితే వాళ్లు దాన్ని వదలరు. కిటికీలోంచి తువ్వాలు విసిరిన మనిషి మొండితనం కూడా ఇలాంటిదే.

కొన్ని విమాన సంస్థలు మీటనే తీసేసే దారి పట్టాయి. యూరప్‌లో రయానైర్ 2004లో వాలని సీట్లకు మళ్లింది. తర్వాత బ్రిటిష్ ఎయిర్‌వేస్ కూడా పొట్టి ప్రయాణాల కొత్త ఎయిర్‌బస్‌లలో అదే చేసింది. వాలే యంత్రాంగం లేకపోతే సీటు బరువు తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది, మరమ్మతులూ తప్పుతాయి. తగువు తీరింది కానీ సుఖం పెరగలేదు. నడుం నొప్పి ఉన్నవాళ్లకు, గర్భిణులకు గంటసేపైనా కాస్త వెనక్కి ఒరగడం ఉపశమనమే. దాన్ని అందరి నుంచీ తీసేయడం న్యాయం అనిపించుకోదు.

నెల్లూరు స్టేషనులో ఆగే రైలు ఇందుకు ఎదురు దారిలో వెళ్లింది. సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ 2023 ఏప్రిల్ 8న మొదలైంది. మొత్తం ప్రయాణం ఎనిమిది గంటల పైమాటే, అదీ పగలు. ఈ రైళ్లలో సీట్లు సరిగా వాలడం లేదన్న ఫిర్యాదుల మీద రైల్వే అదే ఏడాది కొత్త పెట్టెల్లో వాలే కోణాన్ని 17.31 డిగ్రీల నుంచి 19.37 డిగ్రీలకు పెంచింది.