పొంగెడు రాయి: చమురు శుద్ధిలో జియోలైటుల చరిత్ర

1756వ సంవత్సరమున స్వీడను దేశములో ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రాన్‌స్టెట్ అను ఖనిజ శాస్త్రజ్ఞుడు ఒక రాతిముక్కను ఊదుగొట్టపు మంటలో కాల్చి చూచెను. మన కంసాలులు వాడునట్టి ఊదుగొట్టమే అది. మంట తగులగనే ఆ రాయి ఆవిరిని వెడలగ్రక్కుచు నురుగుకట్టి పొంగెను. లోపల నీటిని దాచుకొని, వేడి సోకినప్పుడు విడిచిపెట్టు ఆ రాతికి ఆయన గ్రీకు భాషనుండి రెండు మాటలు తీసికొని 'జియోలైటు' అని పేరు పెట్టెను. పొంగెడు రాయి యని దాని యర్థము. మన దేశములో పూనా, నాసిక ప్రాంతముల నల్లరాతి గనులలో ఇట్టివి అందమైన స్ఫటికములుగా దొరకును. కాని ఆ పేరు పుట్టిన తరువాత రమారమి రెండువందల యేండ్లవరకు చమురు వర్తకులెవ్వరును ఈ రాతివంక చూచినవారు కారు.

ఇందలి సరకులు సిలికాను, అల్యూమినియము, ప్రాణవాయువు, వానితోపాటు సోడియము మొదలగు లోహములు కొన్ని. పొలములోని బంకమట్టియందును ఇంచుమించుగా ఇవియే కలవు. భేదమంతయు కూర్పునందున్నది. జియోలైటులో పరమాణువులు తేనెపట్టువలె గదులుగా అమరి, గదినుండి గదికి సన్నని ద్వారములు కలిగియుండును. ఒక జాతి రాతియందు ఆ ద్వారముల కొలత అంతటను ఒక్కటే. మిల్లీమీటరును కోటి భాగములు చేసిన అందొక భాగమును ఆంగ్‌స్ట్రామ్ అందురు. చమురు పనికి వచ్చు జియోలైటుల ద్వారములు 3 మొదలు 8 ఆంగ్‌స్ట్రాముల వఱకు ఉండును. రాతిని వేడిచేసి లోని నీటిని వెడలగొట్టినచో గదులు ఖాళీయగును; అప్పుడు దూరగల అణువులు లోనికి పోవును, దూరలేనివి వెలుపలనే నిలుచును. 1932లో మెక్‌బెయిన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని 'అణువుల జల్లెడ' అనెను. పేరు బాగుగనే యున్నది గాని, మన జల్లెడ పని వేఱు. అందులో సన్ననివి క్రిందికి రాలిపోవును. ఇందు సన్ననివే లోపల చిక్కును. ఇఱుకు మూతిగల ధాన్యపు పాతర యనిన ఇంకను సరిపోవునేమో.

ఇక చమురు సంగతి. భూమినుండి తీసిన ముడిచమురును కాచి వడిగట్టినచో పెట్రోలు, కిరసనాయిలు, డీజిలు వేఱువేఱుగా వచ్చును. అడుగున చిక్కని మడ్డి మిగులును. మోటారు బండ్లు పెరిగినకొలది పెట్రోలు చాలదయ్యెను, మడ్డి మిగిలిపోవుచుండెను. మడ్డిలోని పెద్ద అణువులను విఱుగగొట్టినగాని పెట్రోలు పెరుగదు. మొదట వట్టి వేడిమితోడను ఒత్తిడితోడను విఱుగగొట్టిరి. ఫ్రాన్సు దేశపు ఇంజనీరు యూజీన్ హూడ్రీ వేఱు త్రోవ త్రొక్కెను. మొదటి మహాయుద్ధములో పోరాడి, పందెపు కార్లయందు మక్కువ పెంచుకొన్న మనిషి ఆయన. ఆమ్లముతో శుద్ధిచేసిన ఒక జాతి మట్టి దగ్గఱ నుండిన, మడ్డి సుళువుగా విఱుగునని ఆయన కనుగొనెను. తాను ఖర్చుపడక ఇతర వస్తువుల మార్పును త్వరపెట్టు ఇట్టి పదార్థమును ఉత్ప్రేరకమందురు. 1930లో ఆయన అమెరికాకు పోయెను. 1936లో న్యూజెర్సీ రాష్ట్రపు పాల్స్‌బరో గ్రామమున ఆయన యంత్రము పని ప్రారంభించెను. పూర్వము నూటికి 25 పాళ్లు పెట్రోలు వచ్చుచోట దాదాపు 50 పాళ్లు వచ్చెను. కొద్ది నిమిషములకే ఆ మట్టిపై బొగ్గు పేరుకొని పని మందగించెడిది. దానిని కాల్చివేసి మఱల వాడవలసి వచ్చెడిది. 1942లో లూసియానాలోని బాటన్ రూజ్ పట్టణమున ఉత్ప్రేరకమును సన్నని పొడిచేసి, ఒక పాత్రలో చమురు విఱుచుట, మఱొక పాత్రలో బొగ్గు కాల్చుట ఎడతెగక సాగునట్లు ఏటి నీటివలె ప్రవహింపజేసిరి. యంత్రము మారెను, ఉత్ప్రేరకము మాత్రము ఇంకను గదుల అమరికలేని సిలికా, అల్యూమినాల కూర్పే.

చరిత్ర వ్రాయువారు తఱచు ఈ యంత్రములనే పొగడుదురు. నా యెంచికలో అసలు మలుపు 1949లో, చమురుతో సంబంధము లేని యొక పరిశోధనాలయమున వచ్చినది. యూనియన్ కార్బైడ్ కంపెనీవారి లిండే శాఖ గాలినుండి ప్రాణవాయువును వేఱుచేసి అమ్మునది. అందుకు చౌక సాధనము వెదకుచు రాబర్ట్ మిల్టన్ జియోలైటులను స్వయముగ తయారుచేయ బూనెను. ఇట్టి రాళ్లకు గొప్ప వేడిమియు ఒత్తిడియు కావలెనని అంతకుముందు అనుకొనెడివారు. ఆయన సోడియము సిలికేటును, సోడియము అల్యూమినేటును కలిపి జావవంటి ముద్దచేసి, నీరు కాగునంతటి వేడిలోనే కొన్ని గంటలు ఉంచగా స్ఫటికములు దిగెను. ప్రకృతిలో జతలేని 'ఎ' రకమును, అరుదైన ఫోజసైటు రాతిని పోలిన 'ఎక్స్' రకమును ఇట్లు పుట్టినవి. గనిలో చేరెడు దొరకు రాయి ఇక బండ్లకొలది తయారుకాగలదు. 1954లో వానిని అమ్మసాగిరి.

హూడ్రీ యంత్రము వెలసిన ఆ పాల్స్‌బరోలోనే, ఆ కంపెనీ పరంపరకు చెందిన మోబిల్ పరిశోధనాలయమున, ఛార్లెస్ ప్లాంక్, ఎడ్వర్డ్ రోజిన్‌స్కీ అనువారు ఈ స్ఫటికమును మడ్డి విఱుచుటకు వాడ జూచిరి. ప్లాంక్ 1915లో మన కలకత్తాలో పుట్టినవాడు. వారికి రెండు చిక్కులు తగిలినవి. బొగ్గు కాల్చునప్పటి వేడి ఆవిరికి స్ఫటికపు గదులు కూలిపోవును. అందుచే సోడియమును తొలగించి అరుదైన మృత్తిక లోహములను చేర్చి దానిని గట్టిపఱచిరి. రెండవది మఱియు వింతైనది: స్ఫటికము పాత మసాలాకంటె వందల, వేల రెట్లు చురుకైనది, ఆ చురుకు పాత యంత్రములు తాళలేవు. మిరపకాయను ఒంటిగా తినలేక పప్పులో వేసికొన్నట్లు, కొద్దిపాటి స్ఫటికమును పాత మసాలాలో కలిపిరి. 1962లో ఇది అంగడికి వచ్చెను. అవే పాత్రలు, అదే చమురు. పెట్రోలు ఎక్కువ, బొగ్గు తక్కువ. కొద్ది సంవత్సరములలోనే శుద్ధిశాలలు పాత మసాలాను విడిచినవి. తరువాత 'వై' రకము, సిలికా పాలు ఎక్కువై ఆవిరికి మఱింత ఓర్చునది, దాని స్థానమును ఆక్రమించెను.

విఱుచుటయే గాక, ఏఱుటయు జియోలైటుల పనియే. కిరసనాయిలులో తిన్నని అణువులును, కొమ్మలుగల అణువులును కలిసియుండును. 5 ఆంగ్‌స్ట్రాముల ద్వారముగల రకము తిన్ననివానిని మాత్రము పట్టుకొనును. బట్టలుదుకు పొడులకు అవి మూలద్రవ్యము. చెఱకు మడ్డినుండి తీసిన ఆల్కహాలును ఎంత బట్టీ పట్టినను నూటికి 95 పాళ్ల దాపుననే నిలుచును. ఆ నీటితో పెట్రోలులో కలుప రాదు. 3 ఆంగ్‌స్ట్రాముల రకములో నీరు దూరును, ఆల్కహాలు దూరదు. చెఱకు పండించు రైతునకు ఈ చిన్న ద్వారముతో ఇట్లు సంబంధము కలదు.

1972లో పేటెంటు పొందిన జడ్.ఎస్.ఎం.-5 అను రకపు ద్వారము 5.5 ఆంగ్‌స్ట్రాముల ప్రాంతమున నుండును. దీనిని కొంచెము కలిపినచో వంటగ్యాసుగా పనికివచ్చు తేలిక వాయువులు పెరుగును. 1957లో కాల్టెక్స్ కంపెనీ నెలకొల్పగా తరువాత ప్రభుత్వపరమైన విశాఖపట్టణపు శుద్ధిశాలలోను మడ్డి విఱుచు యంత్రములున్నవి. మన దేశము కావలసిన ముడిచమురులో నూటికి 80 పాళ్లకు మించి విదేశములనుండి కొనుచున్నది గనుక, మడ్డినుండి అదనముగా వచ్చు ప్రతి పాలును లెక్కకు వచ్చునదే. చమురులోని నికెలు, వెనేడియము అంటుకొని ఈ పొడి క్రమముగ చచ్చుపడును. అందుచే కొంత పాతది తీసి, కొంత క్రొత్తది వేయుచుందురు. తీసివేసిన పొడిలో కొంత సిమెంటు కర్మాగారములకు పోవును.