మజిలీ పట్టణాల నుంచి రైలు స్టేషన్ల దాకా: జపాన్ కిసో లోయ ప్రయాణ చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

జపాన్‌లో నగోయా నుంచి షియోజిరి వైపు కిసో లోయ గుండా సాగే చువో రైలుమార్గం నేడు సుందర దృశ్యాలకూ, ప్రాచీన పట్టణాలకూ పేరు పొందింది. ఈ దారిలో కనిపించే ప్రాచీనత కాలం తాకకుండా మిగిలిపోయిన గతం కాదు. రైల్వే నిర్మాణం, అటవీ విధానం, జలవిద్యుత్ పథకాలు, స్థానికుల సమష్టి నిర్ణయం కలిసి దానికి ఈ రూపాన్ని ఇచ్చాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కిసో లోయ, నకసెందో, మజిలీ పట్టణాలు, చువో రైలుమార్గం, వారసత్వ పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం

తొకుగవా పాలకుల కాలంలో ఎదో (నేటి టోక్యో) నగరాన్ని క్యోటోతో కలిపిన రెండు ప్రధాన రహదారుల్లో తొకైదో సముద్రతీరం వెంట సాగగా, నకసెందో పర్వతాల నడుమ సాగింది. నకసెందో మీద ఉన్న 69 మజిలీలలో 11 కిసో లోయలోనే ఉన్నాయి. నియెకవా, నరాయి, యబుహరా, మియనొకొషి, ఫుకుషిమా, అగెమత్సు, సుహరా, నొజిరి, మిదొనో, త్సుమగో, మగొమే అనే ఈ పట్టణాల పేర్లలో చాలావరకు నేటి స్టేషన్ల పేర్లలోనూ వినిపిస్తాయి. రహదారి, నది, రైలుపట్టాలు మూడూ ఒకే ఇరుకు లోయను పంచుకోవడమే దీనికి కారణం. అయితే ఈ పేర్ల కొనసాగింపు వెనుక ఒక పెద్ద విచ్ఛిత్తి దాగి ఉంది. దానిని గుర్తించకుండా ఈ ప్రయాణాన్ని ‘గతంలోకి యాత్ర’గా వర్ణించడం చరిత్ర దృష్ట్యా సమంజసం కాదు.

2. రహదారి వ్యవస్థ - దాని భారం

మజిలీ పట్టణం కేవలం విశ్రాంతి స్థలం కాదు. అధికారిక ప్రయాణాలకు మనుషులనూ గుర్రాలనూ సమకూర్చవలసిన బాధ్యత దానిపై ఉండేది. తొకైదో మజిలీకి 100 మంది, 100 గుర్రాలు. నకసెందో మజిలీకి 50 మంది, 50 గుర్రాలు అనేది నియమం. కొండల మధ్య ఉన్న కిసో మజిలీలకు మాత్రం ఇది 25 మంది, 25 గుర్రాలుగా ఉండేది. అవి చాలనప్పుడు చుట్టుపక్కల గ్రామాలు ‘సుకెగో’ పేరుతో మనుషులనూ పశువులనూ పంపవలసి వచ్చేది. తెలుగు పాఠకులకు పరిచితమైన వెట్టితో దీనిని పోల్చవచ్చు. 1861లో చక్రవర్తి సోదరి కజునొమియా షోగన్‌తో వివాహానికై ఈ దారి వెంట ఎదోకు తరలినప్పుడు, ఆ భారీ ఊరేగింపు బరువును మోసినవారిలో ఇలాంటి గ్రామాల ప్రజలే అధికం.

ప్రయాణ స్వేచ్ఛ కూడా పరిమితమే. కిసో ఫుకుషిమాలోని తనిఖీ ఠాణా దేశంలోని నాలుగు ప్రధాన ఠాణాలలో ఒకటి. ఎదోలోకి వచ్చే తుపాకులనూ, ఎదో నుంచి వెలుపలికి పోయే స్త్రీలనూ అక్కడ ప్రత్యేకంగా పరీక్షించేవారు. సామంతుల కుటుంబాలు ఎదోలో ఒక విధంగా బందీలుగా ఉండేవి కనుక, వారి స్త్రీలు తప్పించుకొని పోవడాన్ని తిరుగుబాటుకు సూచనగా భావించేవారు. నేడు టికెట్ కొని నిరాటంకంగా దాటిపోయే చోటు ఒకనాడు అనుమతిపత్రం లేనిదే దాటరాని ద్వారం.

3. రైలుమార్గం: తిరస్కృతి, ఎంపిక

మెయిజీ ప్రభుత్వం 1872లో మజిలీల రవాణా వ్యవస్థను రద్దు చేసింది. దానితో వెట్టి భారం తొలగింది. మజిలీలకు ఉన్న అధికారిక ఆదాయమూ హోదా కూడా తొలగిపోయాయి. ఆ తరువాత కిసో భవిష్యత్తు రైలుమార్గ నిర్ణయాలతో ముడిపడింది. తూర్పు, పడమర రాజధానులను కలిపే ప్రధాన రైలుమార్గాన్ని నకసెందో వెంట నిర్మించాలని 1883లో ప్రభుత్వం నిర్ణయించింది. సముద్రం నుంచి శత్రు నౌకల దాడికి అందని దారి కావాలన్న సైనిక వాదన అందుకు బలాన్నిచ్చింది. కాని పర్వత ప్రాంతంలో నిర్మాణం ఎంత కష్టమో సర్వేలలో తేలింది. రైల్వే అధిపతి ఇనోఉయే మసరు సూచన మేరకు 1886లో ప్రధాన మార్గాన్ని తొకైదోకు మార్చారు. అది 1889లో పూర్తయింది.

ఆ విధంగా తొలి దశలో తిరస్కరణకు గురైన కిసోకు 1892 నాటి రైల్వే నిర్మాణ చట్టం తరువాత మరో అవకాశం లభించింది. పొరుగున ఉన్న ఇనా లోయతో పోటీలో చివరకు కిసో మార్గమే ఎంపికైంది. రెండు వైపుల నుంచీ నిర్మాణం సాగింది. 1909లో దక్షిణాన మిదొనో, ఉత్తరాన నరాయి స్టేషన్లు తెరుచుకున్నాయి. 1911 మే 1న మియనొకొషి, కిసో ఫుకుషిమాల మధ్య పట్టాలు కలవడంతో చువో మార్గం సంపూర్ణమైంది.

రైలు అన్ని మజిలీలను సమానంగా చూడలేదు. నరాయి వీధి చివరనే స్టేషన్ వెలసింది. నది ఒడ్డున సాగిన పట్టాలు కొండవైపు ఉన్న త్సుమగో, మగొమేలను పక్కన పెట్టాయి. తొరీ కనుమ ఎక్కే శ్రమను సొరంగం తొలగించగా, ఆ కనుమకు ఇరువైపులా బాటసారులపై ఆధారపడిన సత్రాలు వెలవెలబోయాయి. నరాయి లక్క పాత్రలు, యబుహరా దువ్వెనలు వంటి చేతిపనులు కొంత ఆసరా ఇచ్చాయి. అటువంటి ఆధారం తక్కువగా ఉన్న త్సుమగో క్రమంగా మరుగున పడింది. కొత్త ఇళ్లు కట్టే స్తోమత లేకపోవడం వల్లనే అక్కడ పాత ఇళ్లు నిలిచాయి. నేడు వారసత్వంగా గౌరవం పొందుతున్నది ఒకనాటి పేదరికపు అవశేషం కూడా.

4. కిటికీలోంచి కనిపించే అడవి, నది

రైలు ప్రయాణికులను ఆకట్టుకొనే పచ్చని కొండలకూ ఒక రాజకీయ చరిత్ర ఉంది. ఒవరి సంస్థానం తన అధీనంలోని కిసో అడవుల్లో హినోకి మొదలైన ఐదు జాతుల చెట్లను నరకడాన్ని నిషేధించింది. ‘చెట్టుకొక తల’ అన్నంత కఠినంగా ఆ శిక్షలు జనస్మృతిలో నిలిచాయి. ఇసే మందిరాన్ని 20 ఏళ్లకొకసారి పునర్నిర్మించేందుకు వాడేదీ ప్రధానంగా కిసో హినోకి కలపే. మెయిజీ కాలంలో ఈ అడవులు ప్రభుత్వపరమై, 1889లో చక్రవర్తి ఆస్తిగా మారాయి. అంతవరకు గ్రామస్థులు వాడుకుంటూ వచ్చిన కొండలలోకి కూడా వారికి ప్రవేశం మూసుకుపోయింది. మగొమేలో పుట్టిన షిమజకి తోసోన్ తన ‘యొఆకె మాఎ’ నవలలో తన తండ్రిని పోలిన నాయకుడి ద్వారా ఈ అటవీ హక్కుల పోరాటాన్నీ, దాని పరాజయాన్నీ చిత్రించాడు. కొత్త యుగంపై పెట్టుకున్న ఆశ భగ్నమైన వ్యక్తి మతి చలించి మరణించడం ఆ నవలా ఇతివృత్తం.

నది కూడా మారింది. పూర్వం కిసో నదిలో దుంగలను తేలవేసి దిగువకు పంపేవారు. 1920వ దశకంలో ఫుకుజవా మొమొసుకె నాయకత్వంలో జలవిద్యుత్ నిర్మాణాలు వేగం అందుకున్నాయి. 1924లో ఒయి ఆనకట్ట పూర్తయింది. నదీ ప్రవాహానికి ఆటంకం కలగడంతో కలప రవాణా అటవీ రైళ్లకూ, వాటి నుంచి చువో మార్గానికీ మళ్లింది. అగెమత్సు సమీపంలో రైలు నుంచి కనిపించే నెజమె నొ తొకో శిలలు ఇందుకు విశిష్ట ఉదాహరణ. ఎగువ ఆనకట్టల వల్ల నీటిమట్టం తగ్గడంతో ఆ తెల్లని గ్రానైటు బండలు నేడు మునుపటి కంటే ఎక్కువగా బయటపడి కనిపిస్తాయి. ప్రకృతి సౌందర్యంగా మనం చూసే దృశ్యంలో విద్యుత్ కేంద్రాల పాత్ర కూడా ఉందన్నమాట.

5. పరిరక్షణ: స్థానికుల నిర్ణయం

రెండవ ప్రపంచయుద్ధానంతర ఆర్థికాభివృద్ధి యువతను నగరాలకు లాగింది. త్సుమగో నిర్జనమయ్యే స్థితికి చేరింది. మెయిజీ శతవార్షికోత్సవ సందర్భంలో 1968లో నగానో ప్రాంతీయ ప్రభుత్వ సహాయంతో అక్కడి ఇళ్ల పునరుద్ధరణ మొదలైంది. అదే సంవత్సరం గ్రామస్థులు పరిరక్షణ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. 1971లో ‘అమ్మరాదు, అద్దెకివ్వరాదు, కూల్చరాదు’ అన్న మూడు సూత్రాలతో తమకు తామే ఒక నియమావళిని ఆమోదించుకున్నారు. ఇంటి యజమాని తన ఆస్తి హక్కును ఊరి ఉమ్మడి ప్రయోజనానికి లోబరచుకోవడం ఇందులోని అసాధారణ అంశం. అడవిపై హక్కు కోల్పోయిన లోయలోనే ప్రజలు వీధిపై హక్కును ఈ రూపంలో నిలబెట్టుకున్నారు.

1975లో సాంస్కృతిక ఆస్తుల పరిరక్షణ చట్టాన్ని సవరించి, విడి కట్టడాలకే కాక సంప్రదాయ గృహసముదాయాలకూ రక్షణ కల్పించారు. 1976లో తొలి విడతగా ఎంపికైన ఏడు ప్రాంతాలలో త్సుమగో ఒకటి. 1978లో నరాయి చేరింది. 1895, 1915 సంవత్సరాల అగ్నిప్రమాదాలలో పాత ఇళ్లు కోల్పోయిన మగొమే మాత్రం తరువాతి కాలంలో పాత తీరున తీర్చిదిద్దుకున్న పట్టణం.

ఇదే కాలంలో జాతీయ రైల్వే 1970లో ‘డిస్కవర్ జపాన్’ ప్రచారాన్ని ప్రారంభించి, నగరవాసులను పాత పట్టణాల వైపు మళ్లించింది. 1973లో మార్గమంతా విద్యుదీకరణ పూర్తయినప్పుడు, మలుపులలో పక్కకు ఒరుగుతూ వేగం తగ్గకుండా సాగే రైలు ‘షినానో’ పేరుతో ఇక్కడే ప్రవేశించింది. త్సుమగోను ఒకనాడు పక్కన పెట్టిన రైలే, మిదొనో నుంచి నగిసోగా పేరు మారిన స్టేషన్ ద్వారా, దానికి సందర్శకులను తీసుకురాసాగింది.

6. ముగింపు

కిసో మార్గంలో రైలు పాత్ర ద్వంద్వమైనది. అది మజిలీల జీవనాధారాన్ని తీసివేసింది. కొన్నింటిని పక్కన పెట్టి వాటి రూపం మిగిలేలా చేసింది. చివరకు ఆ రూపాన్నే చూడదగిన వస్తువుగా మార్చింది. అయితే పక్కన పడిన ప్రతి ఊరూ వారసత్వ పట్టణం కాలేదు. త్సుమగోను నిలిపింది అక్కడి నివాసుల ఒప్పందం. కనుక పర్యాటక చరిత్రను దృశ్యాల చరిత్రగా మాత్రమే రాయడం వల్ల సుకెగో గ్రామాల శ్రమ, అటవీ హక్కుల పరాజయం, ఆస్తి హక్కుకు స్వచ్ఛందంగా విధించుకున్న పరిమితి మరుగున పడతాయి. అగెమత్సు శిలల వద్ద నీటిమట్టం ఎందుకు తగ్గిందో, త్సుమగో ఇళ్లు ఎందుకు అమ్ముడుపోలేదో అడిగినప్పుడే ఈ ప్రయాణం చరిత్ర అధ్యయనానికి ఆధారమవుతుంది.