సున్నలోని ఖాళీ

తెలుగు సున్నను కంప్యూటర్‌లో గీయడానికి రెండు దారులున్నాయి. నల్లని వృత్తం మీద చిన్న తెల్లని వృత్తాన్ని అతికించడం మొదటిది. తెల్లకాగితం మీద ఈ మాయ తెలియదు. వెనుక రంగు మారగానే తెల్లబిళ్ళ బయటపడుతుంది. నడుమ నిజంగానే ఏమీ లేకుండా చేయడం రెండవది. వెక్టర్ చిత్రలేఖన చరిత్రలో సగం, ఈ ‘ఏమీ లేకపోవడాన్ని’ యంత్రానికి ఎలా చెప్పాలన్న ప్రశ్నే అనిపిస్తుంది నాకు.

లోహపు అచ్చుల కాలంలో ఐరోపా శిల్పులు తరచు ఖాళీతోనే పని మొదలుపెట్టేవారు. అక్షరం లోపలి ఖాళీ ఆకారంలో ముందొక ఉక్కు పనిముట్టు చేసుకొని, దాన్ని మరో కడ్డీ కొసలోకి సుత్తితో దించేవారు. గుంట పడ్డాకే దాని చుట్టూ ఆకురాయితో అరగదీసి అక్షరం తేల్చేవారు.

జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో స్థాపించిన అడోబి సంస్థ తయారుచేసిన పోస్ట్‌స్క్రిప్ట్ భాష, 1985లో ఆపిల్ లేజర్‌రైటర్‌తో ఆఫీసు బల్లల మీదకు చేరింది. ఆకారంలో రంగు నింపడానికి అందులో రెండు ఆజ్ఞలు: ఫిల్, ఇఓఫిల్. ఒక బిందువు నుంచి బయటికి గీత గీసి, అది ఎన్ని అంచులు దాటిందో ఇఓఫిల్ లెక్కిస్తుంది. బేసి సంఖ్య వస్తే లోపల, సరి సంఖ్య వస్తే బయట. ఫిల్ అంచుల దిశను కూడా చూస్తుంది: ఒక దిశలో పోయే అంచుకు ఒకటి కలుపుతుంది, ఎదురు దిశలో పోయేదానికి ఒకటి తీసివేస్తుంది. మిగిలింది సున్న కాకపోతే రంగు పడుతుంది.

మన ‘ఠ’ ఇందుకు చక్కని ఉదాహరణ. బయటి అంచు, లోపలి అంచు, నడుమ చుక్క. ఇఓఫిల్‌కు చుక్క మూడవ అంచు లోపల ఉంది కనుక దానంతటదే నిండుతుంది. ఫిల్‌కైతే లోపలి అంచు ఎదురు దిశలో తిరగాలి, లేకుంటే అక్షరం మొత్తం పూడిపోతుంది. మరి ఫాంట్లు ఈ రెండవ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నాయి? తలకట్టు అక్షరం మీదికి కొంచెం జరిగిందనుకోండి. సరి-బేసి లెక్కలో ఆ కలిసినచోట తెల్లని చీలిక పడుతుంది. దిశల లెక్కలో పడదు. అయితే టైప్ 1 ఫాంట్లలో బయటి అంచు అపసవ్యంగానూ, 1991లో వచ్చిన ట్రూటైప్‌లో సవ్యంగానూ తిరగాలన్నది ఆనవాయితీ. ఇంత చిన్న విషయంలో కూడా ఏకాభిప్రాయం కుదరలేదు!

ఒక ఆకారాన్ని కత్తిగా చేసి మరొకదానిలో రంధ్రం కోయడం వేరే కథ. సూత్రం జార్జ్ బూల్ 1854 నాటి తర్కం నుంచి వచ్చింది. అమలు మాత్రం నెమ్మదిగా సాగింది. సదర్లాండ్, హాడ్జ్‌మన్‌ల పద్ధతి 1974లో కుంభాకార చట్రంతో కోయగలిగింది. వైలర్, అథర్టన్‌లు 1977లో రంధ్రాలున్న బహుభుజులను సాధించారు. తనను తానే ఖండించుకొనే ఆకారాలను కూడా 1992లో బాల వట్టి లొంగదీశాడు. (ఆ పేరు దగ్గర తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగకుండా ఉండలేడు.) ఇవన్నీ సరళరేఖలకు. రెండు ఘన బెజియే వక్రాలు తొమ్మిది చోట్ల దాకా ఖండించుకోవచ్చు. ఆ బిందువులు ఉజ్జాయింపుగానే దొరుకుతాయి. కోసినచోట అక్కరలేని బిందువులు, వెంట్రుకంత పీలికలు మిగలడం అందుకే. కత్తి అంచు అసలు అంచుతో సరిగ్గా కలిసిపోకుండా, కాస్త దాటి బయటికి వచ్చేలా ఉంచితే కోత శుభ్రంగా వస్తుంది.

వైద్యంలో ఇది అందానికి సంబంధించిన విషయం కాదు. రేడియేషన్ చికిత్సకు ముందు సీటీ చిత్రం ప్రతి పొర మీదా అవయవాల అంచులు గీస్తారు. మూత్రాశయపు గోడకు బయటి అంచు, లోపలి అంచు రెండూ ఉంటాయి. డైకామ్ ప్రమాణంలో దీనికి వాడిన ఉపాయం తాళంచెవి రంధ్రం లాంటిది: సన్నని సందుతో రెండు అంచులనూ కలిపి ఒకే మూసిన గీత చేయడం. తరువాత సరి-బేసి లెక్కతో నడిచే మరో రకం అంచును కూడా చేర్చారు. ఒక సాఫ్ట్‌వేర్ గీసిన ఖాళీని మరొకటి గుర్తించకపోతే లోపలి మూత్రం కూడా గోడ కిందే జమ అవుతుంది. గోడలో ఎంత భాగానికి ఎంత రేడియేషన్ తగులుతుందన్న లెక్క తప్పుతుంది. తెర మీద గీతలు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనిపించవచ్చు. అందుకే ఫైలు చేతులు మారినప్పుడల్లా గోడ ఘనపరిమాణాన్ని అంకెల్లో సరిచూడాలి.