హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ల పరీక్ష

నడుస్తున్న ప్రోగ్రామును కోరిన చిరునామా దగ్గర ఆపే పనిని ప్రాసెసరుకే అప్పగించడం హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్. సాఫ్ట్‌వేర్ పద్ధతిలో డీబగ్గర్ అక్కడి కోడ్‌ను మార్చి, ఆగమనే సూచనను రాస్తుంది. హార్డ్‌వేర్ పద్ధతిలో కోడ్ చెక్కుచెదరదు, కాబట్టి రాతకు వీల్లేని రోమ్‌లోనూ ఇది పనిచేస్తుంది.

1985లో వచ్చిన ఇంటెల్ 80386లో డీఆర్0 నుంచి డీఆర్3 వరకు నాలుగు రిజిస్టర్లే చిరునామాలకు కేటాయించారు. నియంత్రణ డీఆర్7ది, ఏది తగిలిందో చెప్పేది డీఆర్6. అందువల్ల మొదటి పరీక్ష తేలికే: నాలుగూ నిండాక అయిదోది అడిగితే డీబగ్గర్ కాదనాలి. ఒప్పుకున్నట్టు నటించి ఊరుకోవడం అన్నిటికన్నా చెడ్డ లోపం.

ఎక్కడ ఆగిందన్నది అసలు చిక్కు. కోడ్ అమలుపై పెట్టినది ఆ సూచన నడవకముందే ఆపుతుంది. చరరాశిపై పెట్టినది రాత పూర్తయ్యాక ఆపుతుంది. రెండో రకంలో తర్వాతి సూచన కనబడితే అది తప్పు కాదు. మొదటి రకంలో ఆగిన చోటు నుంచి ముందుకు సాగడాన్నీ పరీక్షించాలి. ప్రాసెసరులోని ఆర్‌ఎఫ్ (రిజ్యూమ్) జెండా ఎత్తకపోతే ప్రోగ్రాము అక్కడే తిరిగి తిరిగి ఆగుతుంది. డీఆర్6లోని గుర్తులను ప్రాసెసర్ తనంతట తాను తుడవదు. డీబగ్గర్ కూడా మరిస్తే పాత గుర్తు కొత్త ఆగుడుకు అంటుకుంటుంది.

జీడీబీ డీబగ్గర్‌లోని వాచ్ ఆదేశం విలువ మారితేనే ప్రోగ్రామును ఆపుతుంది. ఉన్న విలువనే మళ్లీ రాసే పరీక్షలో ప్రోగ్రాము ఆగదు.